కొట్టగలిగిన చేతికే అహింస

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు తగులుతుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతు పేటికలు బయటపడ్డాయి. బుద్ధుడి అహింసను ప్రాచీన కాలం నుంచీ ఎరిగిన ఈ నేల మీద ఆడపిల్లకు కొట్టడం నేర్పడం ధర్మమేనా అన్న సందేహం కొందరిది. ధర్మమేనని నా నమ్మకం. బౌద్ధం కర్మను సంకల్పాన్ని బట్టి తూస్తుంది. మణికట్టు పట్టుకున్నవాడి బొటనవేలి వైపుకు చెయ్యి తిప్పి లాక్కునే పిల్ల కోరేది బయటపడటమే, వాణ్ని బాధపెట్టడం కాదు. ఏం చెయ్యాలో తెలియక బిగుసుకుపోవడం ఆమె తప్పు కాదు. ఆ నిస్సహాయతను ఓర్పని పొగడటమే తప్పు. కొట్టగలిగిన చెయ్యి ఆగినప్పుడే అది అహింస. పిరికితనం, హింస రెండే దారులైతే హింసనే సూచిస్తానని గాంధీ 1920లో రాశాడు. మన చట్టం దృష్టీ ఇదే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణను హక్కుగా గుర్తిస్తూనే, అవసరానికి మించి గాయపరచకూడదని హద్దు గీసింది.

హింస నేర్పితే హింసే పెరుగుతుందనేవాళ్లు ఆ శిక్షణలో ఏం చెబుతారో చూడాలి. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల విద్యార్థినులకు 12 గంటల పాఠం చెప్పి, 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. ఆ పాఠంలో దెబ్బలు కొంత భాగమే. తెలిసినవాడి మాటల్లో ప్రమాదాన్ని పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా వద్దనడం కూడా నేర్పారు. తమ క్షేమం కోసం కఠినంగా మాట్లాడే హక్కు తమకుందన్న ధైర్యం అక్కడ మొదలవుతుంది.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. 2022 మే 1న అర్ధరాత్రి దాటాక, రేపల్లె స్టేషన్‌లో భర్తాపిల్లలతో నిద్రిస్తున్న వలస కూలీ మహిళపై, భర్తను కొట్టి మరీ సామూహిక అత్యాచారం చేశారు. అలాంటిచోట కరాటే ఏం కాపాడుతుంది? కాపాడుతుందని ఎవరైనా అంటే అది ఆమెకు అవమానం. అక్కడ కావలసింది వెలుతురు, పోలీసు పహరా. శిక్షణ వాటికి బదులు కాదు, నేర్చుకోనందుకు ఎవరినీ తప్పుపట్టే సాకు అంతకన్నా కాదు. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడుల్లో బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. వాళ్లు మైదానంలో ఉన్న ఆ గంటలోనే, వద్దంటే వద్దనేనని మగపిల్లలకూ తరగతిలో నేర్పాలి.