మా భయానికి పేరెవరు పెట్టారు?

పాతబస్తీలో మేం 'మతకలహం' అనం. అది పేపర్ల మాట. శాలిబండలోనైనా యాకుత్‌పురాలోనైనా ఏ ముసలామెను కదిపినా 'గడ్‌బడ్' అంటుంది. నూరుమందికి పైగా ప్రాణాలు తీసిన 1990 డిసెంబరు కూడా గడ్‌బడే. కడుపులో తిప్పినా గడ్‌బడే, కిరాణా లెక్క తప్పినా గడ్‌బడే. ఇన్ని చావులకు ఇంత చిన్న మాటా అని సెక్యులర్ మిత్రులు ఆశ్చర్యపోతారు.

ఆ చిన్న మాట మాకెందుకు కావాలో చెప్తాం. కర్ఫ్యూ ఎత్తేశాక మళ్లీ అదే గల్లీలో బతకాలి. పక్క వీధిలో నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన మనిషి దుకాణంలోనే ఉప్పూ పప్పూ తెచ్చుకోవాలి. రాత్రిపూట కేకలు వినపడితే పిల్లలు 'క్యా హువా అమ్మీ?' అంటారు. 'గడ్‌బడ్ హై, సోజావ్' అంటుంది తల్లి. ఆమె ఆ మాటను దుప్పటిలా కప్పుతోంది. దాన్ని అబద్ధమని ఎవరనగలరు? (కర్ఫ్యూ అనే మాటకు పాత ఫ్రెంచిలో 'నిప్పు కప్పెయ్' అని అర్థమట. పాలు లేక, గ్యాసునూనె లేక పొయ్యి వెలగని ఇళ్లకు ఆ అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.)

అయితే చిన్న మాటలన్నీ ఒకటి కావు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం ట్యాంకులతో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. సైన్యం తనలో తాను పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఇటు జనరల్, అటు జనరల్. పేరు మాత్రం పోలీస్ యాక్షన్! అప్పటికే హైదరాబాద్ ఫిర్యాదు భద్రతా మండలిలో ఉంది. యుద్ధమంటే లోకానికి జవాబు చెప్పాలి. పోలీసులైతే సొంతింట్లో దొంగను పట్టుకున్నట్టే. సంస్థానం కలవకూడదని మేం అనడం లేదు, మాట గురించే అడుగుతున్నాం. ఆ మాటలో ఆ తర్వాత చచ్చిపోయిన వాళ్లకు చోటేది? నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందమే, తగ్గించి లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది అని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువమంది పోయారంది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు అచ్చు వేయలేదు. తల్లి భయాన్ని చిన్నది చేసేది బిడ్డ నిద్ర కోసం. సర్కారు దేని కోసం?

మా పెద్దమనుషులు పెట్టిన పేరు కూడా మాకు సరిపోదు. ఉర్దూ పుస్తకాల్లో అది 'సుకూతె హైదరాబాద్', అంటే హైదరాబాద్ పతనం. పడిపోయింది ఎవరు? తఖ్తు, దర్బారు, జాగీర్లు. అవేవీ లేని దూదేకుల వాళ్లు, టాంగా తోలేవాళ్లు, ఊళ్లలో బావుల్లో తేలిన ఆడవాళ్లు ఆ ఘనమైన మాటలో ఎక్కడా లేరు. అందుకే కాబోలు, మా నానీలు, దాదీలు నవాబుల మాటను ముట్టుకోలేదు. గెలిచినవాళ్ల మాటే తీసుకుని 'పులీస్ యాక్షన్' అన్నారు, గొంతు తగ్గించి. 'పులీస్ యాక్షన్ నాటికి నాకు ఏడేళ్లు' అని వయసు చెప్పుకున్నారు. పుస్తకంలో విజయంగా చదివే మాట, ఇంట్లో పారిపోయిన రాత్రికి గుర్తు. పక్కింటివాళ్లకూ మాకూ మాట ఒకటే. అందుకే ఒకరు చెప్పేది మరొకరికి వినపడదు.

'రజాకార్' సంగతి దీనికి తలకిందులు. ఆ మాటకు అర్థం స్వచ్ఛంద సేవకుడు. తెలంగాణ పల్లెల్లో అది వణుకు పుట్టించే మాటయింది, ఊరికే కాలేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను ఆ ఊరు ఎలా మరుస్తుంది? ఆ భయం పక్కన మా భయం పెట్టి తూకం వేసే పని మాకొద్దు. కానీ అదే ఆగస్టులో హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని నరికి చంపిందీ రజాకార్లే. ఆయన ముస్లిమే. ఇవాళ టోపీ పెట్టుకున్న కుర్రాడిని చూసి 'రజాకార్' అనేవాళ్లు షోయబుల్లా ఖాన్‌ని ఏ లెక్కలో వేస్తారు?

ఇక 'విచారణ'. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. బయట పోలీసు కాల్పుల్లో ఇంకొందరు. తర్వాత మా బస్తీల కుర్రాళ్లను 'విచారణకు' తీసుకెళ్లారు. కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పారు. కోర్టులు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, సత్ప్రవర్తన పత్రాలిచ్చింది. ఆ పరిహారం ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టేసింది. అడగడమూ విచారణే, కొట్టడమూ విచారణే. పేపరు చదివేవాళ్లకు తేడా ఎట్లా తెలుస్తుంది? ఉర్దూలో 'దహషత్' అంటే గుండె జారే భయం. దానికి 'గర్ద్' తగిలిస్తే ఉగ్రవాది. భయపడ్డవాళ్ల మాటను భయపడ్డవాళ్లకే బిరుదుగా తగిలించారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మా గడ్‌బడ్‌లోనూ కర్త లేడు. 'గడ్‌బడ్ హోగయీ' అంటాం, దానంతటదే అయినట్టు. 'అల్లర్లు చెలరేగాయి' అని పేపరు రాస్తుంది, గాలికి నిప్పు రేగినట్టు. కత్తి పట్టినవాడు, కట్టెలు పంచినవాడు, ఫోనెత్తని ఠాణా, ముగ్గురూ ఈ రెండు వాక్యాల కింద హాయిగా దాక్కుంటారు. పిల్లల కోసం కప్పిన దుప్పటి వాళ్లకూ పనికొస్తోంది. ఇంట్లో చెప్పే మాటను ఠాణాలో, కోర్టులో, పేపర్లో కూడా చెప్పుకుంటూ పోవడం వల్లే ఇది జరిగింది.

సెప్టెంబర్ 17కి ఎన్ని పేర్లో! విమోచనం, విలీనం, విద్రోహం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది, కేంద్రం విమోచన దినమంది. 2024లో ప్రజా పాలన దినోత్సవమైంది. మా ఇళ్లలో ఇంకా పులీస్ యాక్షనే. దాంతో వయసు లెక్కపెట్టుకునేవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు, ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లుండగానే కూర్చుని, తెలుగులో, ఎవరు ఎవరిని ఏం చేశారో పేరుపేరునా రాసుకోవాలి. బీదర్‌లోనూ, బైరాన్‌పల్లిలోనూ.