గోంగూరకు క్వీన్స్‌లో చుట్టాలు

మన సంఘం విందులో ఏ కూర తగ్గినా సర్దుకుంటారు గాని, గోంగూర పచ్చడి లేదంటే వంటల కమిటీకి మాట పడాల్సిందే. ఆంధ్రమాత అని ఒకరు దండం పెడితే, మా పుంటికూర పప్పు తిన్నాక మాట్లాడమంటారు ఇంకొకరు. ఎర్ర కాడ మంచిదా తెల్ల కాడ మంచిదా, ఎండుమిరపా పచ్చిమిరపా, ఉల్లిపాయ నంజుకోవాలా కలిపెయ్యాలా అని ఏళ్ల తరబడి సాగే పంచాయతీ ఇది. అందులో తెలుగువాడు కాని మనిషికి చోటివ్వడం నేనెప్పుడూ చూడలేదు. గోంగూర మన సొంతమని మనకంత ధీమా.

ఆ ధీమాను కాస్త కదిలించే చోటు న్యూయార్క్‌లో ఉంది. క్వీన్స్‌లో 2020 లెక్కల ప్రకారం 24 లక్షల జనాభా. వాళ్లలో సగానికి దగ్గరగా వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. మాన్‌హాటన్ నుంచి ఫ్లషింగ్ దాకా వెళ్లే ఏడో నంబరు రైలుకు ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్ అని ముద్దు పేరు కూడా ఉంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లలో చాలామంది ఆ రైలెక్కేది ఏడాదికోసారి, యూఎస్ ఓపెన్ టెన్నిస్ చూడ్డానికి. లేదంటే కార్లో జాక్సన్ హైట్స్ వెళ్లి, పార్కింగ్ దొరక్క తిట్టుకుని, కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తారు.

ఆ కూరగాయల కొట్టు నుంచి రెండు నిమిషాలు నడిస్తే రూజ్‌వెల్ట్ అవెన్యూ. నెత్తి మీద రైలు దడదడలాడుతుంటే కింద మెక్సికో, ఈక్వడార్, కొలంబియా వాళ్ల తోపుడు బండ్లు. మొక్కజొన్న పిండి ముద్దను పొత్తి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలే. నిప్పుల మీద కాల్చి కారం, నిమ్మరసం పట్టించిన కంకులు. పక్కనే పెద్ద గాజు కూజాల్లో రంగురంగుల పానీయాలు. వాటిలో ముదురెరుపు రంగుది అడిగి తాగండి. స్పానిష్‌లో హమైకా అంటారు. మొదటి గుక్కకే నాలుకకు పాత పరిచయం గుర్తొస్తుంది. అది గోంగూర పులుపు. చక్కెర వేసి, చల్లబరిచి, ముఖం మార్చినా పులుపు దాగదు.

మనం ఆకు తింటాం. వాళ్లు పువ్వు రాలాక కాయను పట్టుకొని ఉండే ఎర్రటి దళసరి రేకుల్ని ఎండబెట్టి, మరిగించి తాగుతారు. మొక్క మాత్రం పుల్ల గోంగూరే. దాని పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞుల మాట. బానిసలుగా ఓడల్లోకి ఎక్కించబడ్డ ఆఫ్రికా మనుషులతో పాటే అది కరీబియన్ దీవులకు చేరింది. ఇప్పటికీ హార్లెమ్‌లోని సెనెగల్ హోటళ్లలో ఈ ఎర్ర రసాన్ని బిస్సాప్ అని పోస్తారు. సెనెగల్ ఇళ్లలో దీని ఆకును ఉడికించి, నూరి, చేపల అన్నం పక్కన వడ్డిస్తారు. గోంగూర పచ్చడి పక్కన పెట్టి చూస్తే తేడా పోపులోనే ఉంటుంది.

జాక్సన్ హైట్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మనం అక్కడ సొంతూళ్లో తిరిగినట్టు తిరుగుతాం గాని, ఆ వీధులు మనలాంటివాళ్ల కోసం కట్టినవి కావు. 1917లో రైలు వచ్చాక, మాన్‌హాటన్ ఇరుకు నుంచి బయటపడాలనుకునే కలిగినవాళ్ల కోసం ఒక కంపెనీ ఇక్కడ లోపల తోటలుండే అపార్టుమెంట్లు కట్టింది. ఆ రోజుల్లో యూదులను, నల్లవాళ్లను రానివ్వలేదు. అలాంటి షరతులకు చట్టం అండ పోవడానికి, దేశంలో పౌరహక్కుల కోసం వీధుల్లోకి వచ్చి దెబ్బలు తిన్నవాళ్లు మనవాళ్లు కారు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టం కూడా ఆ గాలిలోనే వచ్చింది. అది లేకపోతే మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఇక్కడ దిగేవాళ్లే కాదు. మన సావనీర్లలో తొలితరం కష్టాల మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఈ బాకీ లెక్క వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

1970లలో 74వ వీధిలో సామ్ అండ్ రాజ్ అనే ఎలక్ట్రానిక్స్ కొట్టు తెరిచారు. ఇండియాకు పట్టుకెళ్లడానికి 220 వోల్టుల మిక్సీలు, టీవీలు అక్కడ దొరికేవి. ఊరికి వెళ్లే ముందు జనం అక్కడికి రావడం, వచ్చినవాళ్లకు చీరల కొట్టు, నగల కొట్టు, సరుకుల కొట్టు పుట్టుకురావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. గుజరాతీలు, సింధీలు, పంజాబీలు పెట్టిన కొట్లవి. మనకు కందిపప్పు, చింతపండు, కరివేపాకు అందించింది వాళ్లే. ఆ వీధికి వ్యోమగామి కల్పనా చావ్లా పేరు కూడా పెట్టారు. ఇప్పుడక్కడ ఇండియన్ల కంటే బంగ్లాదేశీలు, నేపాలీలు, టిబెటన్లు ఎక్కువగా కనిపిస్తారు. పక్కనున్న 73వ వీధికి 2023లో బంగ్లాదేశ్ వీధి అని పేరు తగిలించారు.

బంగ్లాదేశీ కొట్ల ముందు వేసవిలో ఆకుకూరల గంపలు పెడతారు. అందులో గోంగూర కట్టలూ ఉంటాయి. వాళ్లు దాన్ని చిన్న రొయ్యలతోనో చేపతోనో పుల్లగా వండుతారు. ఎండు రొయ్యలతో గోంగూర వండే కోస్తా ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ వాసన కొత్త కాదు. పెరట్లో వేసుకున్నవాళ్లకు తెలిసే ఉంటుంది, ఇక్కడ ఆకు బాగానే వస్తుంది గాని కాయ రాదు. పగటి వేళ కురచనైతే గాని ఈ మొక్క పూయదు. పూత మొదలయ్యేసరికి న్యూయార్క్‌లో మంచు పడి మొక్క మాడిపోతుంది. అందుకే హమైకా రేకులు వేడి దేశాల నుంచి ఎండబెట్టి రావాల్సిందే.

వాసన మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అపార్టుమెంటులో పోపు పెడితే పక్కవాళ్లు కిటికీలు మూసుకున్నారని, ఇల్లు అద్దెకివ్వడానికి ముఖం చిట్లించారని మన పెద్దవాళ్లు చెప్పే కథలు మనందరికీ కంఠతా వచ్చు. పిల్లలు ఇడ్లీ డబ్బా బడిలో తెరవడానికి సిగ్గుపడిన కథలూ అంతే. అదే నోటితో ఫ్లషింగ్ ఫుడ్ కోర్టులోకి అడుగు పెట్టగానే "అబ్బ, ఏం కంపు!" అంటాం. అదీ పిల్లల ముందే. మాంసం తినని ఇల్లు తినకపోవడం వేరు. వద్దని మర్యాదగా చెప్పొచ్చు. ముక్కు మూసుకోవడం మాత్రం మనకు జరిగిన అవమానాన్ని ఇంకొకరికి అప్పగించడమే. ఆదివారం బడిలో పెద్దబాలశిక్ష ఎంత చదివించినా పిల్లలు నేర్చుకునేది ఆ ముఖ కవళికే.

క్వీన్స్‌లోనే గోంగూరకు మరికొందరు చుట్టాలున్న రిచ్‌మండ్ హిల్‌కు ఏడో నంబరు రైలు పోదు. 'ఏ' అక్షరం రైలు పట్టుకొని లిబర్టీ అవెన్యూ మీదికి వెళ్లాలి. అక్కడ ఒక భాగానికి 2021లో లిటిల్ గయానా అవెన్యూ అని పేరు పెట్టారు. కొట్ల మీద ప్రసాద్, సింగ్, రామ్ లాంటి పేర్లు కనిపిస్తాయి. వాళ్ల ఇంగ్లీషు మాత్రం మనకు ఓ పట్టాన అర్థం కాదు. 1838 నుంచి 1917 వరకు చెరకు తోటల్లో పనికి ఒప్పందాల మీద బ్రిటిషువాళ్లు గయానాకు తీసుకెళ్లిన సుమారు 2,39,000 మంది భారతీయుల వారసులు వీళ్లు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. భాష పోయింది. మారెమ్మ మిగిలింది. గయానాలో మద్రాసీలు అనిపించుకునేవాళ్లు కొలిచే ఆ అమ్మవారికి క్వీన్స్‌లో కూడా గుళ్లున్నాయి. డప్పు, వేపాకు, పూనకం అన్నీ ఉంటాయి. మన గుళ్లలో కనిపించని ఊరి జాతర అక్కడ కనిపిస్తుంది.

వాళ్ల శుభకార్యాల్లో ఏడు కూరల భోజనం పెడతారు. గుమ్మడికాయ, వంకాయ, శనగలు, మామిడికాయ, ఆకుకూరలు, పప్పు, అన్నం, అన్నీ తామరాకు లాంటి వెడల్పాటి నీటి ఆకులో. విస్తట్లో తినడం మన పిల్లలకు ఫొటోల్లోనే తెలుసు. నూట యాభై ఏళ్ల కిందట వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడ దాన్ని మామూలుగా చేసేస్తుంటారు. క్రిస్మస్‌కు వాళ్లిళ్లలో అల్లం, లవంగం వేసి మరిగించిన ఎర్రటి సారెల్ ఉంటుంది. అది కూడా ఈ మొక్కదే. దేశీ అన్న మాటకు మనం గీసుకున్న గిరిలో వీళ్లెక్కడున్నారో చూడండి. సంఘం సభ్యత్వ ఫారంలో ఎలాగూ లేరు.

బర్మావాళ్లదింకా దగ్గరి చుట్టరికం. గోంగూర ఆకును రొయ్యలు, వెదురు మొలకలతో వేయించి అన్నంలోకి పెట్టుకుంటారు. ఒకప్పుడు గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేత పట్టుకుని రంగం (రంగూన్) వెళ్లినవాళ్లు కోకొల్లలు. కోరంగి రేవు పేరు మీదే తెలుగు కూలీలకు అక్కడ కోరంగీలన్న పేరు పడింది. 1942లో జపాన్ సేనలు వస్తుంటే అడవుల్లో నడిచి వెనక్కొచ్చినవాళ్లలో మన తాతలూ ఉన్నారు. కాబట్టి అమెరికా మన మొదటి వలస కాదు. మొదటి వలసలో వెళ్లినవాళ్ల దగ్గర డిగ్రీలు లేవు, అంతే.

ఇక ఫ్లషింగ్. అక్కడి బౌన్ వీధిలో గణపతి గుడి మనవాళ్లకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 1970లో సంస్థ పుట్టింది, 1977 జులై 4న కుంభాభిషేకం జరిగింది. కింది అంతస్తులోని క్యాంటీన్‌లో దోసె కోసం వరసలో నుంచున్నవాళ్లను చూస్తే చైనీయులు, కొరియన్లు, స్పానిష్ మాట్లాడేవాళ్లు, సైకిలు మీద వచ్చిన కుర్రాళ్లు అందరూ ఉంటారు. వాళ్లకు సాంబారు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రుచిగా ఉంది, ధర అందుబాటులో ఉంది, వచ్చారు.

ఆ వీధికి పేరిచ్చిన జాన్ బౌన్ కథ మాత్రం మన పిల్లలకు చెప్పాలి. డచ్చివాళ్ల పాలనలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థనల మీద నిషేధం ఉండేది. దానికి తాము ఒప్పుకోబోమని 1657 డిసెంబర్‌లో ఫ్లషింగ్ ఊరివాళ్లు ముప్పైమంది గవర్నర్ స్టైవెసెంట్‌కు కాగితం రాసిచ్చారు. సంతకాలు పెట్టినవాళ్లు తాము క్వేకర్లు కారు. తమది కాని మతం కోసం చిక్కుల్లో పడటానికి సిద్ధపడ్డ ఇరుగుపొరుగు. కొన్నేళ్ల తర్వాత తన ఇంట్లో ప్రార్థనకు చోటిచ్చినందుకు బౌన్‌ను పట్టుకుని దేశం నుంచే పంపేశారు. ఆయన హాలండ్ వెళ్లి, ఈ ప్రాంతాన్ని నడిపే డచ్చి కంపెనీ పెద్దల ముందు వాదించి గెలిచి తిరిగొచ్చాడు. 1661 నాటి ఆయన ఇల్లు ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. గుడికి వెళ్లినప్పుడు అటు కూడా ఓ నడక నడిస్తే పోయేదేముంది.

రూజ్‌వెల్ట్ అవెన్యూ బండ్ల దగ్గరికి మళ్లీ వస్తాను. అవి చూడ్డానికి సరదాగా ఉంటాయి గాని, బతుకు సరదాగా లేదు. తిండి బండ్ల పర్మిట్లకు నగరం 1983లో పరిమితి పెట్టి, దశాబ్దాల పాటు సుమారు మూడు వేల దగ్గరే బిగించింది. పర్మిట్ దొరకనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర చాటుగా వేల డాలర్లకు అద్దెకు తీసుకోవాలి, లేదా జరిమానాలకు, బండి పోవడానికి సిద్ధపడాలి. 2021లో చట్టం మార్చి ఏటా కొన్ని వందల పర్మిట్లు కొత్తగా ఇవ్వాలన్నారు. ఆ వరస నత్తనడకే నడిచింది. మనలో హెచ్1బీ క్యూలో, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లు గడిపినవాళ్లకు ఈ కాగితాల బాధ ఒకరు వివరించక్కర్లేదు. అయినా "పర్మిట్ లేకుండా అమ్మడం తప్పు కదా" అని తేల్చేసేవాళ్లు మనలోనే ఎక్కువగా కనిపిస్తారెందుకో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

కార్యవర్గానికి ఓ మాట. తెలుగు బడి పిల్లల్ని ఏటా తీసుకెళ్లే వినోద యాత్ర ఈసారి క్వీన్స్‌కు పెట్టండి. ఫ్లషింగ్ మెడోస్ పార్కులో, సైన్సు మ్యూజియం వెనకాల, 2015 నుంచి శనివారం రాత్రుళ్లు క్వీన్స్ నైట్ మార్కెట్ జరుగుతోంది. వసంతం నుంచి శరత్కాలం దాకా ఉంటుంది, మధ్యలో యూఎస్ ఓపెన్ రోజుల్లో ఆపుతారు. ఇన్నేళ్లలో తొంభైకి పైగా దేశాల వంటలు అక్కడ కనిపించాయి. అందరికీ అందాలని ఐదారు డాలర్లు దాటకుండా ధర కట్టడి చేశారు కాబట్టి పెద్ద కుటుంబమైనా జేబు చూసుకోకుండా తినొచ్చు. పొద్దున గణపతి గుడి, తర్వాత బౌన్ ఇల్లు, సాయంత్రం మార్కెట్. కార్లు వద్దు, పార్కింగ్ దొరకదు. సాయంత్రం ఫ్లషింగ్ నుంచి ఏడో నంబరు రైల్లో వస్తూ విల్లెట్స్ పాయింట్ తర్వాతి స్టాపు, 111వ వీధి స్టేషన్‌లో దిగితే నడక తక్కువ. చిల్లర నోట్లు పట్టుకెళ్లండి. శాకాహారులు ముందుగా అడిగి కొనుక్కోండి, చేప సాసు ఊహించని చోట్ల ఉంటుంది.