నూనె నువ్వులదా, గానుగదా?

1998 ఆగస్టు 24న ఇంటెల్ సంస్థ ఒకేసారి మార్కెట్లోకి వదిలిన ప్రాసెసర్లలో రెండింటిని చూద్దాం. ఒకటి 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2, ధర 669 డాలర్లు. రెండోది 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏ, ధర 149 డాలర్లు. సెలెరాన్‌లో బస్ వేగాన్ని హెచ్చించే గుణకాన్ని 4.5 దగ్గర బిగించేశారు. బస్ వేగం 66 మెగాహెర్ట్జ్. ఆ 66ను 100 చేస్తే? నాలుగున్నర వందలు 450. అబిట్ కంపెనీ బీహెచ్6 మదర్‌బోర్డు కొన్నవాళ్లు ఆ మార్పు బయోస్ తెర మీదే చేసుకోగలిగారు. చాలా చిప్పులు కొత్త వేగాన్ని ఇట్టే అందుకున్నాయి. 520 డాలర్ల తేడా ఒక్క సెట్టింగుతో చెరిగిపోయింది.

మరి ఆ అదనపు 150 మెగాహెర్ట్జ్ అంతకుముందు ఎక్కడుంది? చిప్పులో దాగి ఉందా, లేక మీట మార్చిన క్షణంలో కొత్తగా పుట్టిందా?

సరిగ్గా ఇదే ప్రశ్న మీద మన దర్శనకారులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. వాళ్ల ముందున్నవి కుండ, బట్ట, పెరుగు, నువ్వులు. కార్యం కారణంలో ముందే ఉంటుందని సాంఖ్యుల మతం. దాని పేరు సత్కార్యవాదం. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో తొమ్మిదో కారికలో ఇందుకు ఐదు హేతువులు చూపాడు. వాటిలో రెండు, కంప్యూటర్ విడిభాగాలు ఏరుకునేవారి పక్కన నిలబడి చెప్పినట్టుంటాయి. ఎవరైనా తమకు కావలసిన ఫలితాన్ని బట్టే పదార్థాన్ని ఎంచుకుంటారు. శక్తి ఉన్న కారణమైనా తనకు సాధ్యమైనదాన్నే పుట్టిస్తుంది. నూనె కావాలంటే నువ్వులు తెస్తారు, ఇసుక తేరు. (ఇసుక, నూనె అనగానే తెలుగువారికి ఏనుగు లక్ష్మణకవి పద్యం గుర్తుకొస్తుంది. అక్కడ కవి గురి మూర్ఖుడి మీద, ఇక్కడి వాదం వేరు.)

నైయాయికులు, వైశేషికులు దీనికి ఒప్పుకోలేదు. మట్టిలో కుండ ముందే ఉంటే ఇక కుమ్మరి దేనికి? మట్టిముద్దతోనే నీళ్లు ఎందుకు మోయలేకపోతున్నాం? కార్యం కొత్తగా ఆరంభమవుతుందని వాళ్ల వాదం. ఉపాదానం, అంటే మట్టి, ఒక్కటే చాలదు, సారె, కర్ర, కుమ్మరి అనే నిమిత్తాలు కలిస్తేనే కుండ.

ఈ ఇద్దరి నడుమ పతంజలి యోగసూత్రాల కైవల్యపాదంలో రైతు ఉపమానం ఒకటి కనిపిస్తుంది. రైతు నీటిని మోసుకెళ్లి పల్లపు చేలో పోయడు. అడ్డంగా ఉన్న గట్టు తెంచుతాడు, అంతే. మడవ తీయగానే నీరు తనంతట తానే పారుతుంది. నిమిత్తం ప్రకృతిని ముందుకు నెట్టదు, అడ్డు తొలగిస్తుంది. చిప్పును నిర్ణీత వేగం దాటించే ఓవర్‌క్లాకింగ్‌కు ఇంతకంటే సరైన వర్ణన దొరకడం కష్టం. గట్టు ఎవరు వేశారన్నదే ఇక తేల్చుకోవలసింది.

కొన్నిసార్లు ఆ గట్టు వ్యాపారి వేసినదే. 2010లో ఇంటెల్ పెంటియం జీ6951 చిప్పును కొన్ని శక్తులు మూసేసి అమ్మింది. 50 డాలర్లు పెట్టి కోడ్ కార్డు కొంటే హైపర్ థ్రెడింగ్, ఇంకో మెగాబైట్ క్యాష్ తెరుచుకునేవి. కొన్న వస్తువులో ఉన్నదాన్నే మళ్లీ కొనాలా అని జనం మండిపడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉంది. 2011లో ఆ పథకం ఆగిపోయింది. కొన్నిసార్లు గట్టు ప్రకృతిదే. ఏఎండీ 2009లో అమ్మిన ఫెనమ్ 2 ఎక్స్3 720లో కోర్లు మూడు, నిజానికి తయారైనవి నాలుగు. కొన్నిటిలో నాలుగోది లోపంతో పుట్టింది కాబట్టి మూశారు. మరికొన్నిటిలో బాగున్నదాన్నే, ఆ ధరలో సరుకు కావాలి కాబట్టి మూశారు. బయోస్‌లో తెరిచి చూస్తే గాని ఏది నువ్వో, ఏది ఇసుకో తెలిసేది కాదు. పెట్టె మీది అంకె చిప్పు స్వభావం కాదు, తయారీదారు ఇచ్చిన హామీ. హామీ సాధారణంగా స్వభావం కంటే కాస్త తక్కువే చెబుతుంది.

ఈ తర్కంతో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్లినవారికి విడిభాగాల చీటీ వేరుగా కనిపిస్తుంది. తక్కువ డబ్బుతో సిస్టమ్ కట్టించుకునేవారు చేసే పెద్ద పొరపాటు ఉన్నదంతా ఉపాదానం మీద, అంటే ప్రాసెసర్ మీద పోసి, నిమిత్తాల దగ్గర పిసినారితనం చూపడం. రైజెన్ 5 5600నే తీసుకుందాం. ఆరు కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్ మూల వేగం, 65 వాట్లు, గుణకానికి తాళం లేదు. కానీ దాన్ని ఏ520 బోర్డులో పెడితే ఆ గుణకాన్ని కదిలించలేరు. బీ450, బీ550 వంటి బోర్డు కావాలి. అదే చిప్పు, అదే శక్తి, బోర్డు మారితే గాని గట్టు తెగదు. ఆ బోర్డులోనూ ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే భాగం మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందో లేదో చూడాలి. పెట్టెలో వచ్చే చిన్న కూలర్ మామూలు వేగానికి సరిపోతుంది. వేగం పెంచాలంటే నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ మేలు. ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీలు. ఈ చిప్పులో గ్రాఫిక్స్ లేవు కాబట్టి విడిగా కార్డు తప్పదని ముందే లెక్క వేసుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం బేరం వద్దు. పేరు లేని పెట్టె కాలిపోతే మిగతావాటినీ తీసుకుపోగలదు.

ఇంతా చేసి పొందేదెంత? ఇక్కడ ప్రకృతి నియమం కఠినంగా ఉంటుంది. చిప్పు తాగే విద్యుత్తు వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. 4.0 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు వెళ్లడానికి వోల్టేజీని 1.20 నుంచి 1.35కి పెంచారనుకుందాం. వేగం పెరిగింది 10 శాతం, పని చేసేటప్పటి విద్యుత్తు, దానితో వేడి దాదాపు 39 శాతం. సెలెరాన్ రోజుల్లో గానుగ కొనుగోలుదారు చేతిలో ఉండేది. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే తిప్పేస్తున్నారు. ఇంటెల్ కోర్ ఐ9 14900కే 6 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగంతోనే అమ్మకానికి వచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల చిప్పుల్లో కొన్నిటికి అధిక వోల్టేజీ వల్ల అస్థిరత వచ్చిందని 2024లో సంస్థే ఒప్పుకుని, వారంటీని రెండేళ్లు పొడిగించింది. హామీకి, స్వభావానికి మధ్య ఉండాల్సిన ఆ చిన్న ఖాళీని తయారీదారే తినేస్తే ఏమవుతుందో అప్పుడు లోకం చూసింది.

హద్దు దాటిన చిప్పు ఎప్పుడూ పొగ చిమ్మి చెప్పదు. చాలాసార్లు తప్పు లెక్క వేసి మౌనంగా ముందుకు పోతుంది. అందుకే ఓవర్‌క్లాకర్లు ప్రైమ్95 అనే ప్రోగ్రాం నడుపుతారు. అది మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతకడానికి రాసినది. ముందే తెలిసిన జవాబుతో పోల్చి, ఒక్క అంకె తేడా వచ్చినా ఆగిపోతుంది. వేగం నిజమో కాదో గణితమే తేలుస్తుంది. నైతికంగా కూడా తేల్చుకోవలసినది ఇక్కడే ఉంది. సొంత చిప్పును హద్దు దాకా నడపడం సొంత సాహసం. వోల్టేజీ ఎక్కించి మూడేళ్లు వాడిన చిప్పును, ఆ మాట చెప్పకుండా ఇంకొకరికి అమ్మడం మోసమే. 1990లలో తక్కువ వేగం చిప్పుల మీద ఎక్కువ అంకె ముద్రించి అమ్మినవారూ ఉన్నారు. పని ఒకటే, వేగం పెంచడం. కొనేవారికి నిజం చెప్పారా లేదా అన్నదే తేడా.

తెలుగు నేలలో ఈ వాదానికి ఇంకో పక్షం ఉంది, ఎండ. గాలితో పనిచేసే కూలర్ చిప్పును గది కంటే చల్లగా చేయలేదు. జనవరి రాత్రి విజయవాడలో 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఎనిమిది గంటలు తప్పు లేకుండా నడిచిన సిస్టమ్, మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో ఏసీ లేని గదిలో అరగంటకే లెక్క తప్పవచ్చు. చిప్పు అదే, బోర్డు అదే, అంకె అదే. ఋతువు కూడా నిమిత్తమేనని నైయాయికుడు వెంటనే జవాబు చెప్పగలడు. శక్తి ఎక్కడికీ పోలేదు, వేడి అడ్డు నిలిచిందని సాంఖ్యుడు అంటాడు. ఇద్దరి మాటా విన్నాక, ఆ కంప్యూటర్ ముందున్నవారు బయోస్‌లోకి వెళ్లి వంద మెగాహెర్ట్జ్ తగ్గించి, ప్రైమ్95ను మళ్లీ మొదటి నుంచి నడుపుతారు.