పెంట ఎత్తిన చేతులు

మా వైపు ‘పెంట’ అన్న మాట తిట్టూ అవుతుంది, ఎరువూ అవుతుంది. నా చిన్నప్పుడు సిద్దిపేట దగ్గరి మా ఊళ్లో వానలకు ముందే పెంటకుప్ప తవ్వి బండ్లతో చేనుకు తోలేవాళ్లు. ఏడాదంతా కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి ఆ కుప్పను పెంచింది అమ్మ. పట్టా పాసుబుక్కులో మాత్రం నాయిన పేరే ఉండేది.

పట్నానికొచ్చాక నాకు పెంట అంటే తిట్టే మిగిలింది. మెతుకులు, తొక్కలు, పగిలిన గ్లాసు అన్నీ ఒకే కవర్లో కట్టి గేటు బయట పెట్టేదాన్ని. ఒకరోజు చెత్తబండితో వచ్చే ఆమె వేలికి గుడ్డ కట్టుకుని కనిపించింది. ఏమైందని అడిగితే, “మీ కవర్ల సీసపెంక ఉండెనమ్మా” అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

చెత్తను పుట్టినచోటే వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. సిద్దిపేటలో స్వచ్ఛబడి పెట్టి మరీ ఆ పని నేర్పారు. అన్నీ తెలిసీ నేను చేయలేదు. ఆమె వేలు చూశాకే డ్రమ్ముకు బెజ్జాలు పెట్టాను. ఒక వంతు తడిచెత్తకు రెండు వంతుల ఎండుటాకులు వేయాలి. మొదట్లో ఆకులు తక్కువై కంపు కొట్టింది. గాలి ఆడకపోతే కుళ్లుతుంది, ఆడితే మాగుతుంది. గట్టిగా పిండిన గుడ్డకుండే తేమ చాలు. రెండుమూడు నెలలకు నల్లటి ఎరువు చేతికొచ్చింది.

“ఎంగిలిది తులసమ్మకు వేస్తవా?” అంది అత్తమ్మ. మట్టికి ఎంగిలి లేదన్నాను. అన్నాక సిగ్గేసింది. మా చెత్త ఎత్తే ఆమెకు నీళ్లిచ్చే గ్లాసు మా ఇంట్లో వేరే ఉండేది. మెతుకును మట్టిగా చూడగలిగిన నేను మనిషిని మనిషిగా చూడటానికి ఎందుకు ఆలస్యం చేశాను?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. తొక్కలు ఏరేది, ఆకులు ఊడ్చేది, కుప్ప తిరగేసేది నేనే. ఒక ఆడదాని చేతిలోంచి తీసిన పని ఇంకో ఆడదాని చేతిలో పడింది. పర్యావరణం పేరుతో మనకు మరో జీతంలేని కొలువు. అలాగని మానేస్తే ఆ బరువు తిరిగి ఆమె మీదికే పోతుంది.

ఎరువు ఎత్తడంలో అవమానం లేదు. ఎత్తిన చేతికి హక్కు లేకపోవడమే అవమానం. పాత మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ వైపు డీడీఎస్ సంఘాల దళిత స్త్రీలు రసాయనాలు లేకుండా పంట తీశారు, విత్తనాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ ఏ పంట వేయాలో నిర్ణయించిందీ వాళ్లే. మా అమ్మకు దక్కనిది అదే.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి కంచం వాళ్లే డ్రమ్ము దాకా తేవాలి. ఆదివారం కుప్ప తిరగేసే వంతు మా ఆయనది. వేరు గ్లాసు తీసేశాను. ఆమె మాత్రం నీళ్లకు ఇంకా దోసిలి పడుతూనే ఉంది. ఆ దోసిలికి జవాబు నా డ్రమ్ములో దొరకదు.