ఎదురుపడే ఊరు

ఆటో దిగేదాకా అతని మొహం సరిగా చూడనే లేదు. బస్టాండు నుంచి మా ఇంటికి ముప్పయి రూపాయలు. జేబులో చెయ్యి పెట్టబోతుంటే, "మీ దగ్గర పైసలు తీసుకుంటనా సార్?" అన్నాడు. అప్పుడు గుర్తుపట్టాను. బీకాం, కిటికీ పక్క బెంచీ. అకౌంట్స్‌లో వాడి లెక్క తప్పడం నేను చూడలేదు. "బాగున్నావా?" అని మాత్రం అడగగలిగాను. "మంచిగున్న సార్" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇచ్చిన జవాబు నిజమేనేమో. నాకే నమ్మబుద్ధి కాలేదు.

పట్నంలో పాఠం చెప్పేవాడికి ఈ ఇబ్బంది లేదు. మూడేళ్లు చెబుతాడు, పిల్లలు కోటిమందిలో కలిసిపోతారు, చెప్పింది ఏమైందో ఆయనకు తెలియదు. మా జహీరాబాద్‌లో తెలుస్తుంది. ఎరువుల దుకాణంలో బస్తా తూచేవాడు, మందుల షాపులో చీటీ చదివేవాడు, మున్సిపాలిటీ కౌంటర్లో నా ఫారం తప్పులు దిద్దేవాడు, అందరూ మన హాజరుపట్టీలోని వాళ్లే. చిన్న కాలేజీ ఊళ్లో ఉండటమంటే చెప్పిన పాఠం రోజూ ఎదురుపడటం.

ఇక్కడో మెలిక ఉంది. బాగా 'పైకొచ్చినవాళ్లు' ఎదురుపడరు. వాళ్లు 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వెళ్లిపోతారు. హైదరాబాద్ నూరు కిలోమీటర్లు. దారిలో సదాశివపేట, సంగారెడ్డి, ఆ పైన 2008లో మొదలైన ఐఐటీ ఉన్న కంది. మా పిల్లలు ఆ గేటును బస్సు కిటికీలోంచి చూస్తారు. మిగిలినవాళ్లే మాకు కనిపిస్తారు కాబట్టి, ఊరంతా ఓడినవాళ్లే ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. "డిగ్రీ చేసి గిక్కడనే ఉన్నవా?" అని ఊరే అడుగుతుంది. ఉండటానికి కారణం చెప్పుకోవాలి. పోవడానికి అక్కర్లేదు.

నిజానికి మాది పూర్తిగా కాలేజీ ఊరు కూడా కాదు, పగటిపూట మాత్రమే కాలేజీ ఊరు. పొద్దున ఝరాసంగం వైపు నుంచి, కోహీర్ వైపు నుంచి బస్సులు పిల్లల్ని దించుతాయి. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. నెలాఖరులో పాసు డబ్బులు లేక ఆగిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి కాబట్టి, ఆ సున్నా విలువ నాకు తెలుసు. ఒక్కో పిల్లవాడి నాలుకా ఓ రహదారే. ఇంట్లో లంబాడీ, బస్టాండులో ఉర్దూ, దోస్తుతో కన్నడం, క్లాసులో తెలుగు, పరీక్ష ఇంగ్లిషులో. ఫెయిలైతే మాత్రం తెలివి లేదంటాం. సాయంత్రం ఐదింటికి అందరూ వచ్చిన దారినే పోతారు. ఊరు మళ్లీ చెరుకు బండ్లకూ లారీలకూ మిగులుతుంది.

పరీక్షల ముందు చూడాల్సింది జెరాక్స్ దుకాణం. నూట ఇరవై పేజీల గైడును అరచేతిలో పట్టేంత కుదించి ఇస్తారు, దాన్ని మైక్రో అంటారు. ఏ ప్రశ్న వస్తుందో ఉస్మానియా వాళ్లకంటే ముందు ఆ దుకాణదారుడికే తెలుస్తుందని మా స్టాఫ్‌రూంలో జోకు. నవ్వుతాం గానీ, ఆ చిన్న అక్షరాల్లో నా నోట్సు కూడా ఉంటుంది.

మాకంటే పాత చదువుల ఊరు ముప్పయి కిలోమీటర్ల దూరంలో ఉంది, బీదర్. బహమనీల మంత్రి మహమూద్ గవాన్ 1472 ప్రాంతంలో అక్కడ మదర్సా కట్టించాడు. ఆయన ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడు. దూరదేశాల పండితులు అక్కడికి చదువు వెతుక్కుంటూ వచ్చారు. 1696లో పేలుడుకు ఆ మదర్సా సగం కూలింది. మిగిలిన మినారు మీద నీలిరంగు పెంకులు ఇంకా మెరుస్తాయి. ఓసారి పిల్లల్ని తీసుకెళితే, "సార్, ఇక్కడ చదివినోళ్లకు ఉద్యోగాలు ఏడ దొరికేవి?" అని ఒకమ్మాయి అడిగింది. నాకు నవ్వు రాలేదు. మాకు ఉద్యోగమంటే 1980లలో ఆల్విన్ నిస్సాన్ పేరుతో మొదలై తర్వాత మహీంద్రా చేతికొచ్చిన ఫ్యాక్టరీ, లేదంటే పట్నం.

ఆ జవాబు చాలదని నాకు చూపించింది కాలేజీ కాదు, పక్కనున్న పస్తాపూర్. 1983లో పి.వి. సతీష్ తదితరులు అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. దళిత మహిళల సంఘాలు సజ్జ, కొర్ర, సామ, జొన్న విత్తనాలను బూడిద, వేపాకు కలిపి కుండల్లో, బుట్టల్లో దాస్తాయి. 2008 అక్టోబరులో మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియో మొదలైంది. అది నడిపేదీ ఆడవాళ్లే. బడి ముఖం పెద్దగా చూడని మనిషి మైకు ముందు కూర్చుని వానల గురించి, పురుగు గురించి మాట్లాడుతుంటే, పక్క ఊరివాళ్లు వింటారు. వాళ్లకు తెలిసింది ఎక్కడికీ పోలేదు. ఊళ్లోనే ఉండి ఊరికి పనికొచ్చింది. వాళ్లను 'గిక్కడనే ఉన్నరా' అని ఎవరూ అడగరు.

అంటే పిల్లలందరూ ఉండిపోవాలని కాదు. నా కొడుకు పట్నంలోనే ఉన్నాడు, పోవద్దని నేను చెప్పలేదు. కానీ ఉండిపోయినవాడి మొహంలో ఓటమిని వెతికేది మన కళ్లే. ఆటో తోలడం చిన్న పని అనుకున్నది అతను కాదు, నేను. వాడి లెక్క అప్పుడూ తప్పలేదు, ఇప్పుడూ తప్పడం లేదు. డీజిల్, కిస్తీ, పాసింజర్లు అన్నీ చిన్న పుస్తకంలో డెబిట్, క్రెడిట్ గళ్లు గీసి రాసుకుంటాడు. ఆ పుస్తకం నాకు మొన్నే చూపించాడు.

మొన్న కూడా అదే ఆటో దొరికింది. "ఇగో, ఆదాయం కాలమ్‌లో రాసుకో" అని ముప్పయి రూపాయలు చేతిలో పెట్టాను. తీసుకున్నాడు.