ఇల్లు విడిచిన బాలుడు: శాసనము, ధర్మము

పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ కన్నవారితో చెప్పక ఇల్లు విడిచిపోయినప్పుడు లోకము వెంటనే తీర్పు చెప్పును. పెంచినవారిని కాదని పోయినాడు గనుక వాడు కృతఘ్నుడని కొందఱందురు. ఇంటిలో ఏదో అక్రమము జరుగనిదే పసివాడు గడప దాటునా యని మఱికొందఱందురు. ఈ రెండు మాటల అడుగునను ఒకే ప్రశ్న దాగియున్నది: బిడ్డ ఎవరి సొత్తు? తల్లిదండ్రుల సొత్తేయైనచో వెదకి పట్టి తెచ్చి అప్పగించుటతో పని ముగియును. తనకు తానే ప్రభువైనచో వానిని ఆపుటకు ఎవరికిని అధికారము లేదు. మన దేశపు శాసనము ఈ రెండింటిలో దేనిని గూడ అంగీకరింపలేదు. ఏల అంగీకరింపలేదో విచారించుట సాధకులకును ఉపయోగకరమే.

1875 నాటి మెజారిటీ చట్టము ననుసరించి 18 ఏండ్లు నిండువఱకు మనుష్యుడు మైనరు; అంతవఱకు అతడు సంరక్షకుని అధీనమున నుండవలెను. అయితే ఆ అధీనము ఎట్టిది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టములోని 25వ సెక్షను, సంరక్షకుని విడిచిపోయిన బిడ్డను తిరిగి రప్పించుటకు న్యాయస్థానమునకు అధికారమిచ్చుచున్నది. కాని అట్లు తిరిగివచ్చుట బిడ్డ క్షేమమునకు తోడ్పడునని తోచినప్పుడే ఆ అధికారము నుపయోగింపవలెనని ఆ సెక్షనులోనే వ్రాసియున్నది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము మఱింత స్పష్టముగా, మైనరు క్షేమమే పరమ ప్రమాణమని 13వ సెక్షనులో చెప్పినది. తండ్రికి గల హక్కు, ఒకరు నమ్మి యుంచిపోయిన నిక్షేపమును కాచువానికి గల హక్కు వంటిది. ఇతరులు దానిని అపహరింపకుండ అడ్డుకొను అధికారము అతనికి కలదు. తన యిష్టము వచ్చినట్లు వాడుకొను అధికారము లేదు.

ఇక వెడలిపోయిన బిడ్డ మాట. చెప్పక పోవుట బిడ్డ విషయమున నేరము కాదు. విజయవాడ వంటి పెద్ద కూడలి స్టేషనులలో రైలు దిగి దిక్కు తోచక తిరుగు బాలురు కనబడుచునే యుందురు. పరీక్ష తప్పినవారు, దెబ్బలకు వెఱచినవారు, ఒకప్పుడు సినిమాలలో చేరవలెనని మద్రాసు బండి యెక్కినవారు, ఇట్లు ఎందఱో. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము ఇల్లు విడిచి పాఱిపోయిన బిడ్డను, రక్షణయు పోషణయు కావలసిన బిడ్డలలో చేర్చినది. అట్టివానిని ప్రయాణకాలము గాక 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. సమితి వాని మాట వినవలెను. ఇంటికి చేర్చుటయే ముఖ్యోద్దేశమైనను, ఆ యిల్లు క్షేమకరము కానిచో వేఱొక ఆశ్రయము చూపవలెను.

మఱి శిక్ష యెవరికి? బిడ్డను తీసికొనిపోయినవానికి, లేదా ఆశ చూపి మఱపించినవానికి. పూర్వపు శిక్షాస్మృతిలో బాలుర విషయమున 16 ఏండ్లు, బాలికల విషయమున 18 ఏండ్లు హద్దుగా నుండెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇరువురకును 18 ఏండ్లే హద్దు చేసినది. ఈ నేరమును గూర్చి 1964 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, మద్రాసు రాష్ట్రమునుండి వచ్చిన ఒక అప్పీలులో చేసిన విచారణ కేవలము న్యాయవాదులకే గాక నీతిశాస్త్రము చదువువారికిని చదువదగినది. కొన్ని వారములలో 18 ఏండ్లు నిండనున్న కళాశాల విద్యార్థిని యొకతె తనంత తానే వెడలివచ్చి ఒక యువకుని కలిసికొన్నది. అతడు ఆమెను తీసికొనిపోయినట్లా, లేక ఆమె తనతో వచ్చుటకు సమ్మతించినట్లా? ఈ రెండు ఒకటి కావని న్యాయస్థానము నిర్ణయించి అతనిని విడుదల చేసినది. కాని అచ్చటితో ఆగలేదు. గడప దాటు క్షణమున ప్రక్కన లేకున్నను, అంతకు ముందే బోధించి, ప్రలోభపెట్టి, ఆ సంకల్పము ఏర్పడుటకు పాటుపడినవాడు తప్పించుకొనజాలడని గూడ సూచించినది. చేయి పట్టి లాగినదెవరని మాత్రమే యడుగక, మనస్సులో ఆ విత్తనము నాటినదెవరని అడిగినదన్న మాట. కర్మకంటె సంకల్పమును ముందు పరీక్షింపుమని మన శాస్త్రములు చెప్పుచున్న దానికి ఇది యెంత సన్నిహితముగా నున్నది!

ఇచ్చట భక్తులొక ఆక్షేపము తెత్తురు. ధ్రువుడు పోలేదా? నచికేతుడు పోలేదా? రమణ మహర్షి చెప్పి వెళ్లెనా? అడుగదగిన ప్రశ్నయే. కాని ధ్రువుని తపస్సునకు పంపినది తల్లి సునీతియే. నచికేతుడు యముని మొదట కోరిన వరము తండ్రి మనశ్శాంతి. ఆత్మవిద్య మూడవ వరము. ఈ క్రమమును గమనింపక ఆ కథ చెప్పువారే యెక్కువ.

రమణుల విషయము కఠినమైనది, దానిని తేలికపఱుపరాదు. తండ్రి 1892లో గతించెను. 1896 ఆగస్టు 29న, పదునాఱేండ్ల వయస్సున, మదురైలో పినతండ్రి యింటినుండి, బడిలో ప్రత్యేక తరగతి కలదని అన్నతో చెప్పి ఆయన వెడలిపోయెను. అన్న కళాశాల రుసుమునకై యిచ్చిన 5 రూపాయలలో 3 రైలు ఖర్చునకు తీసికొని, 2 రూపాయలు చీటితోపాటు విడిచెను. తన్ను వెదకుటకు ధనము వ్యయము చేయవలదని ఆ చీటిలో వ్రాసెను. ఆయనను పిలిచినవారు గాని ప్రేరేపించినవారు గాని మనుష్యులలో లేరు. 1898లో తల్లి అళగమ్మ వచ్చి యేడ్చి పిలిచినను ఆయన కదలలేదు. 1916లో ఆమె వచ్చి చేరినప్పుడు ఆమెను తనయొద్ద నుంచుకొని, 1922లో ఆమె కన్నుమూయువఱకు ప్రక్కనే యుండెను. ఆ తరువాతి జీవితమును చూచియే నేడు ఆ పోకకు నమస్కరించుచున్నాము. ఆ ఆగస్టు దినమున పినతండ్రికి తెలిసినది మాత్రము ఒక చీటి, రెండు రూపాయలు. సినిమా కొఱకు పోయినవాని యింటను, మోసగాని వెంట పోయినవాని యింటను మొదటినాడు తెలియునది అంతకంటె ఎక్కువ కాదు. శాసనము ఆ మొదటినాటి కొఱకు చేయబడినది. 2013లో సుప్రీంకోర్టు, తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయమునను, వేఱు విధముగా రుజువగువఱకు, అపహరణముగనే యెంచి కేసు నమోదు చేయవలెనని ఆజ్ఞాపించుటకు గల కారణము ఇదియే.

బిడ్డకంటెను, తండ్రికంటెను, ఆశ్రయమిచ్చినవాని బాధ్యత బరువైనది. రాహులునకు ప్రవ్రజ్య యిచ్చిన పిమ్మట శుద్ధోదనుడు బుద్ధుని సమీపించి తన శోకము చెప్పుకొనగా, తల్లిదండ్రుల అనుమతి లేక ఎవరికిని ప్రవ్రజ్య యీయరాదని బుద్ధుడు నియమము చేసినట్లు వినయపిటకము చెప్పుచున్నది. జ్ఞానము పొందినవాడు ఒక వృద్ధుని కన్నీటిని ప్రమాణముగా గ్రహించెను. 1956 నాటి చట్టములో మఱియొక విశేషము కలదు: సంపూర్ణముగా లోకమును విడిచి సన్న్యసించిన తండ్రి తన బిడ్డకు సహజ సంరక్షకుడుగా నుండజాలడు. సన్న్యాసము తీసికొన్నంతనే తన కన్నబిడ్డపైననే అధికారము పోవుచుండగా, కాషాయము ధరించినంత మాత్రమున ఇతరుల బిడ్డపై అధికారమెట్లు కలుగును? వైరాగ్యము చెప్పుకొనుచు ఆశ్రమ ద్వారమునకు వచ్చిన మైనరునకు అన్నము పెట్టవచ్చును, పెట్టవలెను. వాడు వచ్చినాడన్న వార్తను దాచి పెట్టరాదు. 1098 సంఖ్యకు గాని, పోలీసులకు గాని, సమితికి గాని తెలుపుట ఆతిథ్యములోనిదే. వైరాగ్యము నిజమైనచో 18 ఏండ్లు నిండువఱకు నిలువగలదు.

ఇంత చెప్పినను, పోకయే ధర్మమైన సందర్భములు లేకపోలేదు. పదునైదేండ్ల బాలికకు పెండ్లి నిశ్చయింపబడినది. ఆమె ముందటి రాత్రి ఇల్లు విడిచినది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము అట్టి పెండ్లి చేయించిన తల్లిదండ్రులనే గాక, నిర్లక్ష్యముచే ఆపని తల్లిదండ్రులను గూడ శిక్షార్హులనుగా ఎంచినది. 2015 నాటి చట్టము అట్టి బాలికను పేర్కొనియే రక్షణకు అర్హురాలినిగా చేర్చినది. నిక్షేపమును కాపాడవలసినవాడే దానిని అన్యాక్రాంతము చేయబూనినప్పుడు, అతని అనుమతి యను మాటకు అర్థమేమి మిగిలినది? ఆమె తండ్రి సమితి యొద్దకు వచ్చి బిడ్డను అప్పగింపుమని అడుగును. సమితి సభ్యులు ఆయనను వెలుపల కూర్చుండబెట్టి, ముందు ఆ బాలికను లోనికి పిలిచి, ఏమి జరిగినదో ఆమె నోటనే విందురు.