కుట్టుబట్టకు దోషమేమి?

రోహిణీకార్తెలో గోదావరి మండలమున ఎండకంటె ఉక్కయే దుస్సహము. సముద్రపు గాలిలోని తేమ చెమటను ఆరనీయదు. అట్టి దినములలో పొట్టిచేతుల నూలుచొక్కా, చెమటను తాను పీల్చికొని, వదులైన చేతులగుండ గాలిని లోనికి రానిచ్చి, చేనిగట్టున నడచు రైతునకును కచేరీలో కూర్చుండు గుమాస్తాకును సమానముగ ఉపకరించుచున్నది. ఇంతటి నిరపరాధియగు వస్త్రమును, ద్రాక్షారామ భీమేశ్వరునకు అభిషేకము చేయింపబోవు గృహస్థుడు ఏల విప్పవలెను? ఒకే రేవున, ఒకే నీట ఉతికి ఆరవేసిన రెంటిలో పంచె శుచియు చొక్కా అశుచియు నగుటకు హేతువేమి?

పెద్దలు చెప్పు సమాధానము సూదిని గూర్చినది. మగ్గమునుండి అఖండముగ దిగినది కర్మార్హము. కత్తెర తగిలినది కాదు. ఈ భావమున ఒక సౌందర్యము లేకపోలేదు. హజ్ యాత్రకు పోవు ముస్లిము పురుషులును కుట్టులేని రెండు వస్త్రములనే ధరింతురు. ప్రభువును కూలివాడును అచట ఒక్క తీరుననే కనబడుదురు. కాని దీనికి కేవలము విపరీతమగు ధర్మమొకటి మన నేలమీదనే శతాబ్దములపాటు వర్ధిల్లినది. గుంటుపల్లి గుహలలోను, కోనసీమలో ఆదుర్రు స్తూపము చెంతను బౌద్ధభిక్షువులు ధరించిన చీవరము ముక్కలుగ కోసి కుట్టినట్టిది. మగధదేశమున గట్లతో విభక్తములైన చేలను చూపి, ఆ తీరున భిక్షువులకు వస్త్రమును కూర్పగలవాయని బుద్ధుడు ఆనందుని అడిగెననియు, ఆనందుడు అట్లే కూర్చి చూపెననియు వినయపిటకము చెప్పుచున్నది. గట్లు, చేలు, మరల గట్లు: మన డెల్టా రైతునకు ఆ నమూనాను వేరుగ వర్ణింప నక్కరలేదు. కోసిన గుడ్డను పరులు ఆశింపరు, శ్రమణునకు అదియే తగినది యని అందలి తాత్పర్యము. ఒకచోట అనర్హతకు కారణమైన కత్తెరగాటే మరియొకచోట వైరాగ్యమునకు సాధనమైనది. కావున దోషము సూదియందున్నదని నేను ఒప్పజాలను. అంతయేల, ఆ గృహస్థుని ప్రక్కన పీటపై కూర్చున్న ఇల్లాలి రవిక కుట్టినదే కదా! దానిని గూర్చి నేడు ఏ అర్చకుడును మాటాడడు.

అహంకారమును విడుచుటకు గుర్తుగ చొక్కాను విడువవలెనని మరికొందరందురు. జేబు ధనమునకు చిహ్నమట. రొంటిన దోపుకొన్న రూపాయలను మాత్రము ఎవరును తీయుమనరు! అది యట్లుండనిండు. చొక్కా తొడిగియున్నంతవరకు వరుసలో నిలిచిన నలుగురును భక్తులు మాత్రమే. విప్పిన మరుక్షణమున ఒకని వక్షమున యజ్ఞోపవీతము, తక్కినవారి వక్షమున శూన్యము. మనుష్యులను సమానులను చేయుటకై విప్పుమన్న వస్త్రమే, అంతదనుక వారి భేదమును కప్పి కాపాడినది. 1947లో మద్రాసు ఆలయప్రవేశ శాసనము హరిజనులకు గుడితలుపులు తెరచినది. కాని లోపలికి వచ్చినవాని ఛాతీని చూచి వాని స్థానమును నిర్ణయించు కన్నును ఏ శాసనము మూయగలదు? కేరళమున ఈ ఆచారము మరింత గట్టిది. 2024 డిసెంబరు చివర శివగిరిమఠమునకు చెందిన స్వామి సచ్చిదానంద, జందెమున్నదో లేదో చూచుటకే ఇది పుట్టినదనుచు, దీనిని విడనాడవలెనని బహిరంగముగ కోరిరి. ఆచారముల పుట్టుకను ఒక్క హేతువునకు ముడివెట్టుటకు నాకు జంకు కలుగును. నేటి ఫలమును గూర్చి మాత్రము వారి మాటకు ఎదురు చెప్పజాలను.

కోటిలింగాలరేవున మోకాటిలోతు నీట నిలిచి తర్పణము విడుచువాడు చొక్కాను గట్టున పెట్టినచో, అది తడియకుండుటకు చేసిన పని. అందు తర్కమున కవకాశము లేదు. అభిషేకజలము మీదపడు చోటను అంతే. అట్టి అవసరమేమియు లేక, శుచి పేరిట మాత్రమే విప్పుమన్నచో, ఆ ఉదయము ఉతికిన పొట్టిచేతుల చొక్కాతో గర్భాలయద్వారము చెంత చేతులు జోడించి నిలిచినవానిని వెనుకకు పంపుటకు నాకు ఏ శాస్త్రహేతువును కానరాకున్నది.